ఎదురుకాళ్ళు

ఫోటో కడిగారట, ఇక అది ఆరాలట. ఆరేదాకా ఇక్కడే కూర్చోమని చెప్పి కాంపౌండరు డేరాలోకి పోయాడు. కడగడం, ఆరేయడం అంటే ఉప్పలమ్మకు తెలిసినవి బట్టలు, గిన్నెలు, వడ్లు. మనిషి లోపలి బొక్కల బొమ్మను కూడా కడిగి దండెం మీద ఆరేస్తారని ఆమె కలలో కూడా అనుకోలేదు. ఆరేస్తే ఆరేశారు గాని, ఆ బొమ్మలో ఏం కనబడుతుంది? తన కాలి గుర్తు కనబడుతుందా? మనవరాలి నడుము మీద, సరిగ్గా ఆ గుంటలో, అయిదు వేళ్ళూ మడమా పడి ఉంటాయా, అలికిన నేల ఆరకముందే తొక్కితే పడినట్టు? కనబడితే కనబడనీ. తొక్కింది తనే కదా. ఒప్పుకోవడానికే వచ్చింది. రాత్రంతా బండిలో కొడుకు పర్వతాలు అదే చెప్పాడు. "డాక్టరు అడిగితే నువ్వు తొక్కినవని చెప్పమ్మా. ముసలిదానివి, నిన్నెవలు ఏమంటరు." నిజమే, ఎవరేమంటారు? అనేదేదో తనను తానే అనుకుంటోంది వారం నుంచి, అన్నం ముందు కూర్చున్నప్పుడూ, చీపురు పట్టుకున్నప్పుడూ, కళ్ళు మూసుకున్నప్పుడూ. నీ కాలు విరగ. నీ కాలు కుళ్ళిపోను. మూడున్నరేళ్ళ పిల్ల నడుము మీద పెడతావే ముసలిదానా ఆ ఏనుగు కాలు.

సూర్యాపేట శివారులో మిలిటరీ వాళ్ళ డేరాలు వరసగా ఉన్నాయి. నిరుడు రజాకార్లను తరిమిన మిలిటరీయే. తరిమినంతసేపూ జనం దండలు వేశారు, ఇప్పుడు అదే మిలిటరీ ఊళ్ళ మీద పడి దొరల మీద తిరగబడ్డ సంగపోళ్ళు ఎక్కడున్నారంటూ మగవాళ్ళను మోకాళ్ళ మీద నిలబెడుతోంది. అయినా వాళ్ళ దగ్గర ఒక లారీ ఉంది, ఆ లారీలో ఒక యంత్రం ఉంది, అది చర్మం ఒలవకుండానే లోపలి బొక్కలు చూస్తుంది, ఊరి జనానికీ చూపిస్తున్నారు అని మిర్యాలగూడ అంగట్లో ఎవరో అంటే విని, ఉప్పలమ్మ ఆ మాట పట్టుకుని వేలాడింది. పర్వతాలు వద్దన్నాడు. దారి మంచిది కాదన్నాడు, మిలిటరీ వాళ్ళ దగ్గరికి మనంతట మనమే పోవడమేంటన్నాడు, నాలుగు రోజులు ఆగితే అదే లేస్తుందన్నాడు. ఆగింది. పిల్ల లేవలేదు. పడుకున్న చోటే పోసుకుంటోంది, పోసుకున్నట్టు దానికే తెలియడం లేదు, పాదాలు రెండూ చల్లగా ఉంటున్నాయి. అప్పుడిక ఉప్పలమ్మ కొడుకును అడగలేదు. ఊళ్ళో బండి తోలే బీరప్పకు కబురు పెట్టి బండి కట్టించింది. తను చేసిన పాపమేదో తన కళ్ళతోనే చూసుకోవాలనుకుంది, అంతే.

లారీ ఇంజను ఆగకుండా మొత్తుకుంటోంది. ఆ చప్పుడుకు పెద్దవాళ్ళే బెదిరి చస్తున్నారు గాని మనవరాలు సైదమ్మ కదిలితే ఒట్టు. ఇందాక నల్లటి బల్ల మీద పడుకోబెట్టి, పైన ఆ ఇనప మూతి దించి, ఊపిరి బిగబట్టు పాపా అంటే బిగబట్టింది. వదలమనేదాకా వదల్లేదు. యంత్రం తిప్పే అబ్బాయి ఆశ్చర్యపోయాడు, సిపాయిలు కూడా ఇంత బుద్ధిగా పడుకోరన్నాడు. మా సైదమ్మ బంగారం, అనబోయింది ఉప్పలమ్మ. నోటి దాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. ఎందుకు ఆగిందో ఆమెకు తెలియలేదు. రోజూ వాడే మాటే. ఊళ్ళో ఎన్నిసార్లు అందో. మా పిల్ల ఏడవదు, మా పిల్ల మొండికెయ్యదు, మీ పిల్లల్లాగా ఊరంతా అదిరేట్టు రాగం తియ్యదు, జాన్‌పహాడ్ దర్గా సైదులు ఇచ్చిన పిల్ల, ఆయన పేరే పెట్టుకున్నాం. దర్గాలో మొక్కి, కోడిని కోసి కందూరు విందు చేసి పేరు పెట్టిన రోజున మాత్రం పిల్ల ఆ కోడిని చూసి ఎంతగా ఏడ్చిందో. అప్పుడు ఏడ్చేది. మరి ఎప్పుడు మానేసింది?

"అక్కా," అన్నాడు బీరప్ప. ఎద్దులకు గడ్డి వేసి వచ్చి, నడుము పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. "ఎట్లాగు కూసోనే ఉన్నవు గదా. రాత్రంత బండి తోలి నడుము పట్టింది. జర నీ కాలు పెట్టరాదు."

ఉప్పలమ్మ పాదాలు వెనక్కి లాక్కుంది. లాక్కుని చీర కుచ్చెళ్ళు కప్పింది. బీరప్ప అర్థమైనట్టు తలవంచుకుని ఎద్దుల దగ్గరికి పోయాడు. పాపం వాడేం తప్పు అడిగాడు? యాభై ఏళ్ళుగా ఊరు అడుగుతున్నదే అడిగాడు. ఎదురుకాళ్ళతో పుట్టింది ఉప్పలమ్మ, తల బదులు కాళ్ళు ముందు పెట్టి. పుట్టేటప్పుడు తల్లిని సగం చంపిన కాళ్ళు ఊరికి మాత్రం మందు అయ్యాయి. నడుము పట్టినవాడు ఆదివారం పొద్దున్నే వచ్చి బోర్లా పడుకుంటే ఈ కాలు పెట్టి మెల్లగా అదిమితే చాలు, లేచి నడిచిపోతాడు. నాట్ల కాలంలో అయితే వాకిట్లో ఆడవాళ్ళు వరసకట్టేవాళ్ళు. వేములపల్లి నుంచి వచ్చేవాళ్ళు, వాడపల్లి నుంచి కూడా వచ్చేవాళ్ళు. అంతెందుకు, దేశ్‌ముఖ్ దొర. కోటలాంటి ఆయన గడి ముందు చెప్పులేసుకుని నడిచినవాడు లేడు, అటువంటిది ఒకసారి గుర్రం దిగుతూ నడుము పట్టి కదల్లేక, రాత్రికి రాత్రే ఆమెను పిలిపించుకుని గచ్చు మీద బోర్లా పడుకున్నాడు. దొర వీపు మీద కాలు పెట్టిన ఆడది ఈ తాలూకాలో ఇంకెవరున్నారు? ఆ సంగతి చెప్పుకుని ఎన్ని ఏళ్ళు నవ్వుకుందో. ఆ రోజు కాస్త గట్టిగానే తొక్కానని చెప్పేది. ఈ కాలుకు ఒక గర్వం ఉండేది. చేతులకు లేని గర్వం, ముఖానికి లేని గర్వం. మొగుడు పోయిన రోజున కూడా ఎవరో నడుము పట్టుకుని వచ్చి మొహమాటంగా నిలబడితే, ఏడుస్తూనే కాలు పెట్టింది.

ఆ గర్వమే ఆమెను తిన్నది. పోయిన ఆదివారం పొద్దున కొడుకు పిల్లను ఎత్తుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టాడు. "అమ్మా, పిల్లకు నడుము పట్టింది. లేస్తలేదు. జర తొక్కు," అన్నాడు. ఎప్పుడూ లేనిది మెత్తగా అన్నాడు. తల్లి కాలి మీద కొడుక్కి ఇన్నాళ్ళకు నమ్మకం కుదిరిందని ఆమె ఎంత పొంగిపోయింది! అంతకు ముందు నవ్వేవాడు కదా, అదంతా ఉత్తదే అనేవాడు కదా. కాళ్ళు కడుక్కుంది, పసుపు కూడా రాసుకుంది. పిల్ల చెంప నేలకు ఆనించి పడుకుంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, ఎటో చూస్తున్నాయి. కాలు పెట్టింది. మెల్లగానే పెట్టింది, దొర మీద పెట్టినట్టు కాదు. పాదం కింద ఏదో కదిలింది, చెరుకు గడ కణుపు దగ్గర కదిలినట్టు. పట్టు వదిలిందనుకుంది. పట్టు వదిలిందిరా అని పైకే అంది. పిల్ల ఏడవలేదు. చూశావా, నొప్పి కూడా లేదు దానికి, అంది. పిల్ల చేతివేళ్ళు మాత్రం మట్టిలోకి దిగబడ్డాయి. ఆ వేళ్ళను చూసింది. చూసి కూడా కాలు తియ్యలేదు.

ఏడుపు ఎప్పుడు మానేసింది? జొన్న చేలో. అవును, జొన్న చేలోనే. నిరుడు వానాకాలం రజాకార్లు ఊరి మీద పడ్డ రాత్రి ఊరంతా చేలల్లో దూరింది. ఆమె, కొడుకు, కోడలు బుచ్చమ్మ, కోడలి ఒళ్ళో రెండేళ్ళ పిల్ల. గట్టు మీద బూట్లు నడుస్తున్నాయి, టార్చిలైట్లు ఆకుల మీద పాకుతున్నాయి. పిల్ల కెవ్వుమనబోయింది. పర్వతాలు తన అరచెయ్యి పిల్ల ముక్కూ నోరూ కలిపి మూసేశాడు. బుచ్చమ్మ ఆ చెయ్యి పీకబోతే ఉప్పలమ్మే కోడలి చెయ్యి పట్టుకుంది. ఒక్కదాని కోసం అందరమూ చావాలా అని చెవిలో గొణిగింది. బూట్లు పోయాక చెయ్యి తీస్తే పిల్ల ముఖం నీలం. ఊపిరి వచ్చింది, కాస్త ఆగి వచ్చింది. ఆ చేలో చేసినది తప్పని ఇప్పటికీ అనలేదు ఆమె. అక్కడ అందరి ప్రాణాలూ ఉన్నాయి. కానీ రజాకార్లు పోయారు, వాళ్ళ నాయకుడు కాసిం రజ్వీని పట్టుకున్నారు, నిజాం తలవంచాడు, ఊరు వెనక్కి వచ్చింది, పొయ్యిలు వెలిగాయి. పర్వతాలు చెయ్యి మాత్రం వెనక్కి రాలేదు. పిల్ల చిన్నగా రాగం తీస్తే చాలు ముఖం నల్లబడేది. నోరు ముయ్యి, ముయ్యి, ముయ్యి. పక్క గదిలోంచి ఆమెకు వినబడేది. తరువాత ఏదో పడ్డ చప్పుడు. తరువాత ఏమీ వినబడేది కాదు, అదే హాయిగా ఉండేది, నిద్ర పట్టేది.

బుచ్చమ్మకు నిద్ర పట్టలేదు. కోదాడ పిల్ల, మాటకు ముందూ వెనకా అండీ తగిలించే పిల్ల, ఆ అండీని ఉప్పలమ్మ ఎన్నిసార్లు వెక్కిరించిందో. ఒక పొద్దున బుచ్చమ్మ పగిలిన పెదవితో, సంచి సర్దుకుని, పిల్లను చంకనేసుకుని గడపలో నిలబడింది. "అత్తయ్యా, మీ అబ్బాయి చేతిలో ఇది బతకదండీ. నన్ను కొట్టాడని కాదు. దీన్ని కొడుతున్నాడు. మీకు వినపడటం లేదా?" వినపడలేదని చెప్పింది ఉప్పలమ్మ. ఇంకా చాలా చెప్పింది. పిల్లను తండ్రి ఒక దెబ్బ వెయ్యడా అంది. పోయేదానివి నువ్వు పో, మా ఇంటి పిల్లతో నీకేం పని అంది. పిల్లను చంకలోంచి గుంజుకుంది. పిల్ల తల్లి జాకెట్టు పట్టుకుంది, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది తనే. మట్టిలోకి దిగబడ్డ వేళ్ళు అవే. దేవుడా, అవే వేళ్ళు. బుచ్చమ్మ వెళ్ళిపోయాక ఊళ్ళో వాళ్ళకు ఏం చెప్పింది? కన్నపేగు లేని ముండ, బిడ్డను వదిలేసి పుట్టింటికి ఉరికింది అని చెప్పింది. ఆ మాట చాలా బాగుందని ఊరంతా చెప్పుకుంది.

డేరా గుడ్డ లేచింది. డాక్టరు పిలుస్తున్నాడు. పర్వతాలు బీడీ ఆర్పి చెవిలో పెట్టుకుని లేచాడు. చెప్పుకోవాల్సింది గుర్తుందా అన్నట్టు తల్లి వంక చూశాడు. గుర్తుంది. నేనే తొక్కిన దొరా. ఇంకేం అనాలి? నా కాలు నరికెయ్యమనాలి. లోపల తడి వాసన, పుల్లటి వాసన. డాక్టరు ఆంధ్ర వైపువాడు, సగం తెల్లబడ్డ జుట్టు, మాట మెత్తన. వెనక దీపం పెట్టిన అద్దానికి ఆ నల్లటి రేకు ఆనించాడు. తడి ఇంకా పూర్తిగా ఆరలేదు, అంచు నుంచి ఒక చుక్క జారింది. తెల్లగా పిల్ల. చర్మం లేని, చొక్కా లేని సైదమ్మ. ఎంత చిన్నగా ఉంది. ఉప్పలమ్మ ముందుగా కాలి గుర్తు కోసం వెతికింది. లేదు.

"వెన్నులో ఈ పూస చూశారా, నలిగిపోయింది. కాళ్ళు కదలకపోవడం దీనివల్లే," అన్నాడు డాక్టరు. "ఎలా తగిలింది?"

"మా అమ్మ తొక్కింది దొరా." పర్వతాలే ముందు అన్నాడు. "ఎదురుకాళ్ళ మనిషి. నడుము పడితే తొక్కుతది. పిల్లను గూడ తొక్కింది."

తను చెప్పుకోవాల్సిన మాటను వాడెందుకు చెప్పాడు? తను చెబితే ఒకలా ఉండేది. వాడు చెబితే అది ఇంకోలా ఉంది, పక్కింటివాడి మీద పితూరీ చెప్పినట్టు ఉంది.

"నిజమేనామ్మా?"

"నిజమే. తొక్కిన."

"మీరు తొక్కక ముందు పిల్ల నడిచిందా?"

ఈ ప్రశ్న వారం రోజుల్లో ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె కూడా తనను తాను అడగలేదు. "లేదు. నడవలే. నడుము పట్టింది, లేస్తలేదు అని ఎత్తుకొచ్చిండు."

"ఇంత పసిపిల్లకు నడుము పట్టడం ఉండదమ్మా. అది పెద్దవాళ్ళకొచ్చే నొప్పి." డాక్టరు వేలు పైకి జరిగింది. "ఇవి పక్కటెముకలు. మూడు చోట్ల విరిగి వాటంతటవే అతుక్కున్నాయి, ఆ ముడులు చూడండి. ఇది కాస్త పాతది. ఇది అంతకన్నా పాతది. ఈ భుజం దగ్గరా ఉంది. ఒక్క రోజున విరిగినవి కావు. ఒక్క తొక్కుడుకు విరిగేవీ కావు."

వేలు ఆగిన ప్రతి చోటా ఉప్పలమ్మ చెయ్యి ముందే వెళ్ళి వచ్చింది. ఆ ఎడమ పక్క వాపుకు సున్నమూ బెల్లమూ కలిపి పట్టు వేసింది, లేగదూడ తన్నిందని పర్వతాలు చెప్పాడు. ఆ భుజానికి పసుపు ఉడకేసి కట్టింది, అరుగు మీంచి జారిందన్నాడు. ఆ కింద పక్కటెముక, అప్పుడు మంచం మీంచి పడిందన్నాడు. ఎన్ని పడడాలు, ఎన్ని జారడాలు, పిల్ల ఇంటినిండా పడుతూనే ఉందా? పట్టు వేసిన ప్రతిసారీ పిల్ల ఏడవలేదని మెచ్చుకుంది. బెల్లం ముక్క చేతిలో పెట్టింది. బెల్లం తినకుండా పిల్ల తలుపు వైపు చూసేది, వాడు వస్తున్నాడేమోనని. ఇవన్నీ ఇప్పుడు తెలియడం కాదు. ఇదే ఆమెకు మరీ చేదుగా ఉంది. తెలియనిదేదీ ఆ రేకులో లేదు.

"మరి నా కాలు?" అంది. "నా కాలు ఏం జెయ్యలేదా దొరా?"

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "మీరు తొక్కేసరికే పూస విరిగి ఉందమ్మా, లేకపోతే లేచి నడిచేది. మీ తొక్కుడు దాన్ని ఇంకా నలిపిందా లేదా, అది ఈ బొమ్మ చెప్పదు. ఎవరూ చెప్పలేరు. పిల్లకు పిండికట్టు వేస్తాను. ఇక్కడే పడుకోబెట్టాలి. కాళ్ళు వస్తాయా రావా, అదీ చెప్పలేను." తరువాత రేకు దించుతూ, పర్వతాలు వంక చూడకుండా అన్నాడు, "పోలీసులకు చెప్పాలంటే చెబుతాను. కానీ వాళ్ళిప్పుడు అడిగేది ఒక్కటే, వీడు సంగం వాడా కాదా అని. కన్నబిడ్డను కొట్టేవాడు వాళ్ళ లెక్కలోకి రాడు."

"తొక్కినందుకే గదా దొరా ఇదంత," అన్నాడు పర్వతాలు మళ్ళీ.

అప్పుడు అర్థమైంది ఆమెకు, మొదటిసారిగా మొత్తం అర్థమైంది. పసుపు రాసుకున్న కాలు. మెత్తటి గొంతు. జర తొక్కమ్మా. వాడికి కావలసింది మందు కాదు. తన దెబ్బ మీద తల్లి కాలి ముద్ర. నవ్వేవాడు నమ్మలేదు, నమ్మినట్టు పిల్లను తెచ్చి ఆ కాలి కింద పెట్టాడు, ఆమె పొంగిపోతుందని వాడికి తెలుసు.

"తొక్కిన కొడుకా," అంది. "ఒక్కటేసారి తొక్కిన. ఆ పక్కబొక్కలు ఎవడు తొక్కిండు?"

పర్వతాలు ముఖం చిన్నపిల్లవాడిలా అయింది. "ఏడుస్తుంటే ఏం జెయ్యాలమ్మా," అన్నాడు. "దాని ఏడుపు ఇనబడితే నాకు వాళ్ళు వస్తున్నట్టే ఉంటది. గట్టు మీద బూట్లు ఇనబడతయి. నీకు తెల్వదు."

తెలుసు. తెలుసు కాబట్టే లేచి వాడి తల నిమరబోయింది చెయ్యి. ఆ చెయ్యిని ఇంకో చెయ్యితో పట్టుకుంది. వాడి చెయ్యి ఇలాగే పట్టుకోవాల్సింది, ఆ చేలో కాదు, ఆ తరువాత, ప్రతి రాత్రీ.

"ఎవలు రాలే బిడ్డా," అంది. "వాళ్ళెవలు రాలే. ఇంట్ల నువ్వే ఉన్నవు. పక్క గదిల నేనున్న. ఇగ నువ్వు పో. నడుసుకుంట పో."

బయటికి వచ్చి బీరప్పను పిలిచింది. ఎద్దులను మిర్యాలగూడ దారికి మళ్ళించి పెట్టుకున్నాడు. "బండి గట్ల కాదు తమ్మీ, కోదాడకు తోలు. మా కోడల్ని తోల్కరా."

"బుచ్చమ్మనా? ఏమని చెప్పాలె అక్కా?"

"బిడ్డను గుంజుకున్న అత్త, వచ్చి తీస్కపొమ్మన్నదని చెప్పు."

"పిల్ల ఎట్లున్నదని అడుగుతది గదా."

ఉప్పలమ్మ ఏం చెప్పిపంపాలి? కన్నపేగు లేని దానికి ఏ మాట పంపాలి? "వచ్చినాక సూసుకుంటది," అంది చివరికి. బండి కదిలింది. పర్వతాలు కొంచెంసేపు రోడ్డు మీద నిలబడి, ఒక్కడే మిర్యాలగూడ వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూస్తాడేమోనని చూసింది. చూడనందుకు కోపం వచ్చింది, చూస్తే ఏం చేసేదో తెలియక ఊపిరి పీల్చుకుంది.

డేరా లోపల ఒక చెక్క బల్ల మీద సైదమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. పిండికట్టుకు నీళ్ళు కాగుతున్నాయి. ఇకనుంచి ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు, ఎవరూ రారు అని చెప్పాలనుకుంది ఉప్పలమ్మ. ఎంత చెప్పాలో, ఎలా మొదలుపెట్టాలో తెలియక బల్ల దగ్గరగా వెళ్ళి నిలబడింది. పిల్ల ఆమె ముఖం వంక చూడలేదు. తల తిప్పి, బల్ల అంచు మీదుగా కిందికి, నాయనమ్మ పాదాల వైపు చూసింది. వేళ్ళు చెక్కను పట్టుకున్నాయి.

"ఏడుస్తలేను," అంది సైదమ్మ. "తొక్కకు నాయినమ్మా. నేను ఏడుస్తలేను."

ఉప్పలమ్మ నేల మీద కూలబడి కాళ్ళు రెండూ చీర కింద దాచుకుంది.